కవరులో దశమభాగం

ఆ శనివారం ఉదయం లెక్కల మాస్టారు ప్రేమదాసు డైరీలో మూడు పనులు రాసుకున్నాడు. ఒకటి, చిలకలూరిపేట వెళ్ళి ఆడిటరును ఒక సందేహం అడగడం. రెండు, ఆ జవాబును బట్టి ఫోన్లో ఉన్న కాయిన్లు అమ్మడం. మూడు, సోమవారం పొద్దున్నే తాపీమేస్త్రి గౌస్ బాషా చేతిలో డబ్బు పెట్టడం. ఒక్కొక్క పని పక్కనా టిక్కు పెట్టుకోవడానికి చిన్న గడి కూడా గీసుకున్నాడు. పాతికేళ్ళుగా పిల్లల జవాబు పత్రాల మీద టిక్కులు పెట్టీ పెట్టీ, టిక్కు పడని పనిని పనిగా లెక్కేయడం మానేశాడు.

ఈ మూడు పనుల వెనకా ఉన్నది ఇంటి స్లాబు. వానొస్తే అది ఆరు చోట్ల కారుతుంది. హాల్లో మూడు చోట్ల, వంటింట్లో రెండు చోట్ల, పడకగదిలో సరిగ్గా ప్రేమదాసు తల పెట్టుకునే చోట. అంగన్‌వాడీలో పనిచేసే అతని భార్య శాంతి ఆరు బకెట్లు కొని, ఏ బకెట్టు ఎక్కడ పెట్టాలో నేల మీద పెయింటుతో గుండ్రాలు గీసింది. వచ్చే వానాకాలంలో ఆ బకెట్లు బయటికి తీసే అవసరం రాకూడదని, వస్తే తను పుట్టింటికి వెళ్ళిపోతానని కూడా చెప్పింది. పుట్టిల్లు రెండు వీధుల అవతలే అయినా ఆ మాట ప్రేమదాసు గుండెల్లో గుచ్చుకుంది. ఇల్లు కట్టించింది అతనే, అప్పటి మేస్త్రీని చౌకగా కుదిర్చిందీ అతనే.

గౌస్ బాషా మాట కూడా ఖరాఖండిగానే ఉంది. "లక్ష అవుద్ది సార్. సోమవారం డబ్బులిస్తే మంగళవారం దిగుతా. లేదంటే వినుకొండలో ఫంక్షన్ హాలు పనుంది. అది పట్టుకున్నానంటే మళ్ళీ దసరాకే నేను మీకు కనబడేది."

డబ్బు ఉంది. ఎక్కడుందంటే ఫోన్లో ఉంది. మూడేళ్ళ కిందట బావమరిది బెన్నీ ఇంటికొచ్చి, అరెకరం మీద వచ్చిన కౌలు ముప్ఫైవేలూ బావ చేత క్రిప్టో కాయిన్లలో పెట్టించాడు. బెన్నీ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పనిచేస్తాడు. వాడి గొంతు యార్డు ఈ మూల నుంచి ఆ మూలకి వినబడుతుంది కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్ళకు కాదనడం కష్టం. శాంతి ఆ ముప్ఫైవేలకు ఆనాడే నీళ్ళు వదిలేసుకుంది. అలాంటిది ఈ మార్చి నాటికి అవి లక్షా యాభైవేలు అయ్యాయి. ప్రేమదాసుకు సంతోషం కలిగింది, వెంటనే భయం కూడా వేసింది. ఆ భయమే ఆడిటరును అడగవలసిన సందేహం.

చిలకలూరిపేటలో ఆడిటరు రామకాంత్ ఆఫీసు జిన్నింగు మిల్లు ఎదురుగా ఉంటుంది. గాలిలో ఎగిరే దూది పడకుండా ఆయన కంప్యూటరు మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉంటుంది. ఆయన ఏ విషయాన్నీ రెండు మాటల్లో తేల్చేసే మనిషి కాదు గాని, ఏ మాటా గొంతు పెంచి చెప్పడు.

"ఉంచుకుంటే పన్ను లేదండీ," అన్నాడు రామకాంత్. "కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు ఉన్నాయనుకోండి. రేటు పెరిగిందని మిమ్మల్ని ఎవరైనా డబ్బులడుగుతారా? గేటు దాటినప్పుడే లెక్క. అమ్మితే మాత్రం లాభం మీద ముప్ఫై శాతం, దాని మీద సెస్సు."

"మిరపకాయకి పన్ను లేదు కదండీ. ఇవి కూడా నా కౌలు డబ్బుతో కొన్నవే. వ్యవసాయ ఆదాయం కిందకి రావా?"

"డబ్బు పొలం నుంచి వచ్చింది మాస్టారూ. కాయిను పొలం నుంచి రాలేదు."

ప్రేమదాసు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "పోనీ, అమ్మకుండా కాయిన్లే మేస్త్రికి ఇచ్చేస్తే?"

"కాయిన్లిచ్చి పని చేయించుకుంటే అమ్మినట్టే. కాయిన్లిచ్చి బియ్యం కొన్నా అమ్మినట్టే. ఒక కాయినిచ్చి ఇంకో కాయిను తీసుకున్నా అమ్మినట్టే."

"ఊరికే ఇచ్చేస్తే?"

"ఏమీ తీసుకోకుండా ఊరికే ఇస్తే అమ్మినట్టు కాదు. కాకపోతే తీసుకున్నవాళ్ళ సంగతి, ఆ ఇచ్చే పద్ధతి, కాయితాలు, ఇవన్నీ సరిగ్గా ఉండాలి."

ఈ చివరి వాక్యం ప్రేమదాసు చెవిదాకా వచ్చి ఆగిపోయింది. అతని బుర్ర అప్పటికే వేరే లెక్కలో పడింది.

ఆ లెక్క ఏమిటో చెప్పాలంటే అతని గురించి ఇంకో ముక్క చెప్పాలి. ప్రేమదాసు ఊళ్ళో క్రైస్తవ ప్రార్థనా మందిరానికి పదకొండేళ్ళుగా కోశాధికారి. జీతంలో దశమభాగం రూపాయి చిల్లరతో సహా కవరులో పెట్టి ఇస్తాడు. కరువు భత్యం బకాయిలు పడినా వాటిలో పదో వంతు తీసి ఇస్తాడు. మందిరం పాత రేకులు తీసి స్లాబు వేయించడానికి ఒక నిధి ఉంది. దానికి అరవైవేలు తక్కువైందని మూడేళ్ళుగా ప్రతి సంఘ సమావేశంలో చదివి వినిపించేదీ అతనే. లాభం లక్షా ఇరవైవేలంటే దశమభాగం పన్నెండువేలు. పెట్రోలు బంకులో ఇచ్చిన బిల్లు వెనక అతను లెక్క వేశాడు. అన్నీ అమ్మితే పన్ను ముప్ఫై ఏడువేల నాలుగువందల నలభై. స్లాబుకు లక్ష. దేవుడికి పన్నెండువేలు. మిగిలేది అయిదువందల అరవై. అంటే అరకిలో మాంసం.

కానీ ఆ పన్నెండువేలూ అమ్మకుండా కాయిన్ల రూపంలోనే కానుకగా ఇచ్చేస్తే? ఊరికే ఇస్తే అమ్మినట్టు కాదని ఆడిటరే అన్నాడు. ఊళ్ళో అందరూ ఇచ్చేదీ అలాగే కదా. మిరప వేసినవాళ్ళు మిరపకాయలు, పత్తి వేసినవాళ్ళు పత్తి, కోళ్ళు పెంచేవాళ్ళు కోడి. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. తనకు కాయిన్లు పండాయి. పన్నులో రెండువేల తొమ్మిదివందల తొంభై అయిదు మిగులుతుంది. ఆ డబ్బుతో స్లాబు మీద వాటర్ ప్రూఫ్ పూత వేయించవచ్చు. ప్రేమదాసుకు తన తెలివికి తనకే ముచ్చటేసింది. జరిగిన దానికంతా మూలం ఆ రెండువేల తొమ్మిదివందల తొంభై అయిదు రూపాయలే.

ఆ మర్నాడే కోత పండుగ. ఊరి మందిరంలో ఏటా మార్చిలో, మిరపకోతలు ముగింపుకొచ్చాక చేస్తారు. తెచ్చిన కానుకలన్నీ ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. ఆ వేలంలో సరుకు ధర ఎవరూ చూడరు. సొరకాయ అయిదువందలకు పోతుంది. పాడుకున్నవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళకుండా "తిరిగి ప్రభువుకే" అని మళ్ళీ బల్ల మీద పెడితే చప్పట్లు కొడతారు, దాన్ని మళ్ళీ వేలం వేస్తారు. పోయినేడు ఒక గుమ్మడికాయ అలా నాలుగుసార్లు తిరిగింది. మిరపకోతల ముఠా నడిపే అంకమ్మ ఆఖరి పాటలో శాంతి మీద వంద ఎక్కువ పాడి దాన్ని పట్టుకుపోయింది. అప్పటి నుంచి శాంతి ఇంట్లో గుమ్మడికాయ వండలేదు.

మందిరానికి కాయిన్ల ఖాతా లేదు. అందుచేత ప్రేమదాసు ఒక తెల్లకాయితం మీద, "నా ఫోన్లోని కాయిన్లలో పన్నెండువేల విలువ గలవి సంఘానికి చెందినవి. పాడుకున్నవారికి పంపబడును" అని రాసి, సంతకం చేసి, కవరులో పెట్టి అంటించాడు. పాస్టరు జెకర్యా అయ్యగారు ఆ కవరును రెండు చేతులతో అందుకున్నారు.

"కాయిన్లంటే నాణేలేనా మాస్టారూ?"

"కంటికి కనబడనివండి అయ్యగారూ."

"కనబడనివే నిత్యమైనవి," అన్నారు అయ్యగారు తృప్తిగా. ఆ కవరుకు ఎర్ర రిబ్బను కట్టించి ఇత్తడి పళ్ళెంలో, ఒక పెట్టకోడికీ పచ్చిమిర్చి బుట్టకీ మధ్య పెట్టించారు.

ఏటా వేలం వేసేది బెన్నీ. యార్డు గొంతు కదా, మైకు అక్కర్లేదు. సొరకాయలూ కోళ్ళూ అయిపోయాక వాడు కవరు పైకెత్తాడు. "ఇది మా బావ కానుక. తినేది కాదు, వండేది కాదు, ఎండబెట్టేది కాదు. ఉన్నచోటే ఉండి రేటు పెరిగేది. సర్కారు పాట పన్నెండుతో మొదలు."

మిరప పండే ఊళ్ళో కవరులో కాయితమై ఉండి, ఉన్నచోటే రేటు పెరిగేది ఒకటే. అది కోల్డ్ స్టోరేజీ బాండు. బాండు మన చేతిలో ఉంటుంది, సరుకు ఏసీలో ఉంటుంది. సారుగారు పన్నెండు టిక్కీల మిరపకాయలు దేవుడికిచ్చేశాడన్న మాట ముందు వరస నుంచి వెనక వరసకు చేరేసరికి ఆవరణలో తలలన్నీ కవరు వైపు తిరిగాయి. ఒక్కో టిక్కీ అంటే నలభై కిలోల బస్తా. అప్పుడే అడ్వాన్సు సంగతి కనుక్కుందామని వచ్చి గేటు దగ్గర నిలబడ్డ గౌస్ బాషా కూడా లోపలికొచ్చాడు.

"పన్నెండున్నర," అన్నాడు గౌస్ బాషా.

"వేలేనా?" అని అడిగాడు బెన్నీ, నమ్మకం లేక.

"వేలే. పన్నెండు టిక్కీలకి వందలు పాడతారా ఎవరైనా?"

"పదమూడు," అంది అంకమ్మ.

పాట పదిహేనువేల దాకా వెళ్ళి అంకమ్మ దగ్గర ఆగింది. చప్పట్ల మధ్య ఆమె కవరు చింపి కాయితం బయటికి తీసింది. ముఠాలో చదువుకున్న పిల్ల ఒకత్తి చెవిలో చదివి వినిపించింది. మిరపకాయ అన్న మాట అందులో ఎక్కడా లేదని అర్థమయ్యాక కూడా అంకమ్మ ముఖంలో కండరం కదల్లేదు. కాయితాన్ని మడతల ప్రకారం మడిచి, మళ్ళీ కవరులో పెట్టి, "తిరిగి ప్రభువుకే," అంది. ఆవరణ దద్దరిల్లింది. అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు.

కోశాధికారిగా ప్రేమదాసు రసీదు రాశాడు. దేని నిమిత్తం అన్నచోట "కాయిన్లు" అని రాశాడు. కాయిన్లు పంపించడానికి ఫోను తీశాడు గాని, తిరిగి ఇచ్చేసిందిగా ఇంకెవరికి పంపుతాడని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పదిహేనువేలు పెట్టి కొన్నదాన్ని అంకమ్మ ఊరికే వదులుకుందంటే అందులో ఏదో పెద్ద మహిమే ఉండాలని యువజన సంఘం నిర్ణయించింది. స్పిన్నింగు మిల్లులో పనిచేసే కుర్రాళ్ళు పదకొండు మంది ఒక్కటై, ఇరవై ఒక్క వేలకు పాట తమదే అనిపించుకున్నారు. తర్వాత, కాయిన్లు పదకొండు ఫోన్లలో దేనికి పంపాలన్న ప్రశ్న వచ్చింది. పావుగంట చర్చించారు. ఒకడు చొక్కా చేతులు మడవడం చూసి పెద్దవాడు కవరు లాక్కుని, "తిరిగి ప్రభువుకే," అనేశాడు. మళ్ళీ చప్పట్లు. మళ్ళీ రసీదు.

మూడోసారి కవరు పైకి లేచేసరికి దాని రిబ్బను ఊడిపోయింది. ఎవరూ పాడలేదు. అయ్యగారు ప్రేమదాసు వైపు చూశారు. ప్రేమదాసు పచ్చిమిర్చి బుట్ట వైపు చూశాడు. అప్పుడు అంకమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు, ఆవరణంతా వినబడేలా అంది.

"సారుగారి కానుకని సారుగారి ఇంటోళ్ళే పాడుకోపోతే ఇంకెవురు పాడతారమ్మా. పోనియ్యి, గుమ్మడికాయ్యే పాడలేకపోయిరి."

శాంతి లేచి నిలబడింది. "ఇరవై అయిదు వేలు," అంది.

"అక్కా, నీ మీద పాడేవాళ్ళు ఎవరూ లేరే. ఇరవై రెండు చాలు," అన్నాడు బెన్నీ, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి.

"ఇరవై అయిదన్నానా?"

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయిపోయింది. అందరూ "తిరిగి ప్రభువుకే" కోసం ఎదురుచూశారు. శాంతి కవరు తీసుకుని హ్యాండుబ్యాగులో పెట్టుకుని, జిప్పు వేసింది. "తిరిగీ లేదు, గిరిగీ లేదు. ఇది మాయింటికెళ్తంది," అంది. ఆ డబ్బు ఆమె డ్వాక్రా గుంపు అప్పుగా ఇచ్చినది. తిరిగి కట్టాల్సింది ప్రేమదాసు జీతంలోంచి.

మొత్తం అరవై ఒక్క వేలు. మూడేళ్ళుగా అరవైవేలు తక్కువైన మందిరం స్లాబు నిధి ఆ మధ్యాహ్నంతో నిండిపోయింది. అయ్యగారు అప్పటికప్పుడు ప్రార్థన చేసి, ఆవరణలోనే ఉన్న గౌస్ బాషాను పిలిచి పని ఒప్పజెప్పారు. గౌస్ బాషా వినుకొండకు ఫోను చేసి రావడం కుదరదని చెప్పేశాడు. తర్వాత ప్రేమదాసు దగ్గరకొచ్చి కృతజ్ఞతగా చేతులు పట్టుకున్నాడు.

"మీ పుణ్యమా అని ఊళ్ళోనే పని దొరికింది సార్. మే ఆఖరు దాకా తీరిక లేదు. తర్వాత వానలు. మీది దసరాకి చూద్దాం."

సోమవారం పొద్దున్నే మందిరం కోశాధికారి హోదాలో ప్రేమదాసు సంఘం డబ్బు లక్ష రూపాయలు గౌస్ బాషా చేతిలో పెట్టాడు. డైరీలో మూడో పనికి టిక్కు పడింది. రాసుకున్న పని రాసుకున్న రోజున అయినా మనసు ఎందుకింత భారంగా ఉందో అతనికి బాగా తెలుసు. సాయంత్రం బడి వదిలాక మళ్ళీ చిలకలూరిపేట బయల్దేరాడు.

రామకాంత్ అంతా విని, కంప్యూటరు మీద తువ్వాలు తీసి, మళ్ళీ కప్పాడు. "కాయిన్లు ఇప్పుడెక్కడున్నాయి?"

"నా ఫోన్లోనే ఉన్నాయండీ. కదల్లేదు."

"సంఘం ఖాతాకి వెళ్ళలేదు. అంటే అమ్మింది సంఘం కాదు, ఖాతా ఎవరిదైతే వాళ్ళు. మూడుసార్లు అమ్మారు. డబ్బు సంఘానికెళ్ళింది, పన్ను మీకొచ్చింది. కొన్న ధర తీసేస్తే సుమారు..."

"పద్దెనిమిదివేల రెండువందల ఎనభై మూడు," అన్నాడు ప్రేమదాసు. దారిలోనే వేసుకున్నాడు.

"మూడోసారి కొన్నది మీ ఇంటావిడ. పన్నెండువేలవి ఇరవై అయిదుకి."

"అందులో పదమూడువేలు నష్టం వచ్చింది కదండీ. మిగతా కాయిన్ల లాభంలోంచి తీసెయ్యొచ్చా?"

"కాయిన్లలో వచ్చిన నష్టాన్ని ఏ లాభంలోంచీ తీసెయ్యనివ్వరు. లాభం మీదీ ప్రభుత్వానిదీ, నష్టం మీ ఒక్కరిదీ." రామకాంత్ కాస్త ముందుకు వంగాడు. జాలిపడ్డాడని ఆయన కుర్చీ చప్పుడును బట్టే తెలిసింది. "ఇంకో దారి ఉంది మాస్టారూ. కాయిన్లు మీ ఫోను దాటనే లేదు కాబట్టి, అసలు ఏమీ జరగలేదని వాదించొచ్చు. ఇచ్చిందీ లేదు, అమ్మిందీ లేదు. వాళ్ళు గుడికి చందాలిచ్చుకున్నారు, అంతే. పన్ను సున్నా."

ప్రేమదాసుకు ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడి, దణ్ణం పెట్టి, గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. ఎదురుగా జిన్నింగు మిల్లు లోంచి దూది ఎగిరొచ్చి చొక్కా మీద వాలుతోంది.

"ఏమీ జరగకపోతే," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "నేను దశమభాగం ఇవ్వనట్టే కదండీ?"

"అది మా శాఖ కాదు."

"అంకమ్మ పదిహేనువేలు దేనికిచ్చింది మరి? ఎండలో మిరపకాయలు కోసిన డబ్బండీ అది. కాయిన్ల నిమిత్తం అని రసీదు రాసింది నేను. సంతకం నాది."

రామకాంత్ పెన్నుకు మూత పెట్టాడు. "ఒకటే కవరు మాస్టారూ," అన్నాడు. "దేవుడికి ఇచ్చినట్టయితే ప్రభుత్వానికీ ఇచ్చినట్టే. ప్రభుత్వానికి ఇవ్వనట్టయితే దేవుడికీ ఇవ్వనట్టే. ఒక చోట ఇచ్చినట్టు, ఇంకో చోట ఇవ్వనట్టు నేను రాయలేను."

పదకొండేళ్ళలో ఒక్క రూపాయి తేడా రాని మనిషి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. శాంతి ముఖం, నేల మీది ఆరు గుండ్రాలు కళ్ళ ముందు కదిలాయి. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇచ్చినట్టే రాయండి," అన్నాడు.

ఇంటికొచ్చి కాయితం పెట్టి శాంతికి అంతా వివరించాడు. అన్నీ అమ్మి, పన్నులు కట్టి, డ్వాక్రా అప్పు తీరిస్తే స్లాబుకు ఇరవై ఎనిమిదివేలు తక్కువ. శాంతి కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కాయితం అటూ ఇటూ తిప్పి చూసి, ఇరవై అయిదు అన్న అంకె దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

"నేనూ నోరు మూసుకోలేదులెండి," అంది. "ఆ మిగిల్చిన రెండువేల తొమ్మిదివందల తొంభై అయిదు ఏదీ?"

ప్రేమదాసు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దొరికితే ఇంకో రెండు బకెట్లు పట్రండి. కిటికీ పక్కన కూడా మొదలైంది."

మందిరం స్లాబు మే నెలాఖరుకు పూర్తయింది. జూన్ రెండో వారంలో వాన మొదలైంది, ఆ ఏడు పల్నాడంతా విస్తారంగా కురిసింది. శాంతి పుట్టింటికి వెళ్ళలేదు. పుట్టిల్లు కూడా కురుస్తోంది. మబ్బు పట్టినప్పుడల్లా ప్రేమదాసు చంకలో చాప, శాంతి చేతిలో కారియరు పట్టుకుని మందిరానికి నడిచేవారు. అక్కడికి అంకమ్మ కూడా వచ్చేది. ఆమెది రేకుల ఇల్లు. మూడో వానకు ఆడవాళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. నాలుగో వానకు శాంతి కారియరులో గుమ్మడికాయ పులుసు తెచ్చింది.

ఏడాది చివర అయ్యగారు సంఘ నివేదికలో ప్రత్యేకంగా రాయించారు: ఈ వానాకాలం ఒక్క ప్రార్థన కూడా తప్పకుండా, అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆలస్యంగా వెళ్ళిన కుటుంబం కోశాధికారి గారిదే.